సగంలో ఆగిన చెయ్యి

రిహార్సల్‌కని తాండూరు స్టేషన్‌లో వికారాబాద్ రైలు కోసం నిలబడి ఉంటే ఫోన్ వచ్చింది. మా డాన్స్ టీచర్ తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. సంచిలో గజ్జెలున్నాయి. ఇంట్లో పెట్టి వద్దామని తట్టనే లేదు, వాటితోనే చావింటికి వెళ్లాను.

వికారాబాద్‌లో ఒక బట్టల దుకాణం మీది హాలే ఆమె బడి. కింద పరిచినవి మా తాండూరు బండలు. మేమెవరం రాకముందే తడిగుడ్డతో తానే తుడిచేవారు. ఎప్పుడన్నా ముందే వచ్చి మేం గుడ్డ అందుకోబోతే, "మీరు తుడిస్తె మూలలు మిగులుతయి బిడ్డా, కూసోండ్రి" అనేవారు. తర్వాత ఒక యాలక్కాయ నోట్లో వేసుకుని, తాళం కర్ర పట్టుకుని, తన మూలలో చెక్క దిమ్మె ముందు కూర్చునేవారు.

ఈ ఏడు ఆమె ఎత్తుకున్నది బైబిల్లోని ప్రేమ పాటల మీద నృత్యరూపకం. మా నాన్నది కందుల వ్యాపారం. మన పిల్లకు ఈ పాటలెందుకని ఆయన సణిగితే, ఆమె మా ఇంటికే వచ్చారు. "సేటూ, గొర్లు కాసేటాయన మీద ఓ పిల్ల మనసు పడ్డది, గంతే కథ. దీనికి ఫికరెందుకు?" అన్నారు. నాన్న చాయ్ తెప్పించారు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ కాపరి కోసం పిల్ల వీధుల్లో వెతికే ఘట్టం నాది. నా తిప్పలన్నీ అక్కడే. చిన్నప్పటి నుంచీ కృష్ణుడి పాటలు ఆడిన చేతులు నావి. ప్రియుడు అనగానే నాకు తెలియకుండానే పెదవుల దగ్గరికి లేచి మురళి పట్టేవి. వెంటనే కర్ర టక్కుమనేది.

"గాయన చేతిల మురళి లేదు బిడ్డా. గొర్లకాడ ఉన్నడు."

మళ్లీ మొదలు. మళ్లీ మురళి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకరోజు గజ్జెలు విప్పేసి, "నాతోని కాదు టీచర్, ఇంకెవరికన్నా ఇయ్యండ్రి" అన్నాను. ఆమె తిట్టలేదు, బతిమాలనూ లేదు. వచ్చి నా పక్కన బండల మీద కూర్చున్నారు. వాళ్లది యాలాల్ దిక్కు, గొర్రెలు కాసే ఇల్లు.

"మా నాయిన మందతోని ఇంకా రాకుంటె, మా అవ్వ జొన్నరొట్టె కొడ్తనే చెవి అటేసేది. జర చప్పుడైతె చెయ్యి గాలిల్నే ఆగేది." అరచెయ్యి ఎత్తి చూపించారు. "దేవులాడుడంటె, ఎతుకుడంటె ఉరుకుడు కాదు బిడ్డా. చెయ్యి ఉన్నకాడ్నే ఆగుతది."

నాకు అర్థమైంది. చేతులే వినలేదు. ఆమె నోట ఒక్కసారి బాగుందనిపించుకోవాలని ఎంత ఆశ పడ్డానో. ఆమె చేయించిన చివరి రిహార్సల్ అయ్యాక కూడా, "పో బిడ్డా, అదే వస్తది" అని రైలుకు పంపించారు. నాలాంటి మొండిదాన్ని అంత ఓపిగ్గా భరించే మనిషి నాకు మళ్లీ దొరకరు.

దినాలయ్యాక హాల్లో కలిశాం. ప్రదర్శన ఆపొద్దని ఆమె కూతురే చెప్పింది. బండలు మేమే తుడిచాం. కర్రనూ దిమ్మెనూ ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఫోన్‌లో పాట పెట్టుకుని మొదలుపెట్టాం.

నా ఘట్టం వచ్చింది. అలవాటుగా చేతులు మురళి కోసం లేచాయి. కర్ర మోగుతుందని చెవి అటు పోయింది. మోగలేదు. చేతులు పెదవుల దాకా రాకుండా గాలిలోనే ఆగిపోయాయి.

పాట సాగిపోతోంది. నేను అలాగే నిలబడి ఆమె మూల వైపు చూస్తున్నాను. హాలంతా తడిగా మెరుస్తోంది, ఆ మూల ఒక్కటే పొడిగా మిగిలిపోయింది.