వియ్యపురాలి సోడా రొట్టె

మా వియ్యపురాలిని నేను ఫోన్ తెరమీద తప్ప చూడలేదు. ఆవిడది ఐర్లండ్‌లో ఏదో పల్లె, మాది సింగపూర్‌లో, చోవా చూ కాంగ్‌ పేటలో పదకొండో అంతస్తు. ఒంట్లో బాగాలేక పెళ్ళికి రాలేకపోయింది. మరుసటి ఏడు తప్పకుండా వస్తానంది. ఆ ఏడే పోయింది. మొన్న ఆదివారానికి ఏడాది నిండింది. ఊరెళ్ళడానికి అల్లుడికి ఆఫీసులో సెలవు దొరకలేదు. అతను అడిగింది ఒక్కటే, ఆ రోజు వాళ్ళమ్మ చేసే సోడా రొట్టె అందరం కలిసి తినాలని.

"మా అమ్మ చేస్తుందిలే" అని మా అమ్మాయి టక్కున మాటిచ్చేసింది. తను చెయ్యదు మరి. నూడుల్స్‌కి నీళ్ళు మరిగించడమే తన దృష్టిలో పెద్ద వంట.

అల్లుడు వాళ్ళమ్మ చేతిరాత కాగితాన్ని ఫోటో తీసి పంపాడు. గోధుమపిండి, ఉప్పు, తినే సోడా, మజ్జిగ. ఓస్, ఇంతేనా! మజ్జిగ గురించి ఐర్లండ్ వాళ్ళు నాకు చెప్పాలా? పిండి కలపడమంటారా, ముప్పై ఏళ్ళుగా చపాతీలు చేస్తున్న చెయ్యి ఇది.

ఆ చెయ్యే కొంప ముంచింది. మడిచి, గుద్ది, మళ్ళీ మడిచి, పావుగంట మర్దించాను. ఆపైన తడిగుడ్డ కప్పి గంటసేపు నానబెట్టాను. పిండి నానకుండా రొట్టెలేమిటి? తీరా ఓవెన్‌లోంచి వచ్చింది రొట్టె కాదు, సన్నికల్లు.

"పై ఫ్లాట్‌లో రినొవేషన్ వాళ్ళ డ్రిల్ ఉంటుంది, అడిగి తేనా?" అన్నారు మావారు. ఆయన జన్మలో పొయ్యి వెలిగించిన పాపాన పోలేదు. జోకులకి మాత్రం లోటు లేదు.

ముందుగా వచ్చిన మా అమ్మాయి దాన్ని చూసి తల పట్టుకుంది. "అయ్యో అమ్మా, పిసికేశావా? దీన్ని నీడ్ చెయ్యకూడదు లా! జస్ట్ కలిపి వెంటనే లోపల పెట్టేయాలి." ఈ ఊరి అలవాటు, మాట చివర ‘లా’ తగిలిస్తుంది.

"మరి కాగితంలో రాయలేదేం?"

"వాళ్ళకి తెలుసు కాబట్టి."

అదీ నిజమే. పప్పులో ఉప్పు ఎప్పుడు వెయ్యాలో మనం మాత్రం ఎవరికి రాసిచ్చాం? అయినా నాకు ఒళ్ళు మండింది. దానికంటే భయం ఎక్కువ వేసింది. మూడింటికి అల్లుడొస్తాడు. తల్లి పోయిన రోజున అతను ఆవిడని ఈ రాయిలో వెతుక్కోవాలా?

రెండోసారి కొత్త పిండిలో మజ్జిగ పోసి, వేళ్ళతో నాలుగు తిప్పులు తిప్పి వదిలేశాను. చేతులు దురద పెట్టాయి, ఒట్టు. ఆ అడ్డదిడ్డపు ముద్దని మా అత్తగారు చూసి ఉంటే నన్ను పుట్టింటికి పంపేసేది. పైన నిలువుగా, అడ్డంగా గాట్లు పెట్టి ఓవెన్‌లోకి తోశాను.

అల్లుడు వచ్చేసరికి రొట్టె బయటికి తీశాను. చక్కగా విచ్చుకుంది, రంగూ వచ్చింది. బల్లమీద అరిటాకు ముక్క పరిచాను.

"ఇదెందుకు ఆంటీ?" అన్నాడు.

"పోయినవాళ్ళకి ముందు పెట్టి, తర్వాత మనం తింటాం. అసలైతే కాకికి పెట్టాలి."

"కాకికా? పక్షులకి తిండి పెడితే ఫైన్ వేస్తారే!" మావారు కంగారుపడ్డారు. పితృదేవతలకి కూడా పర్మిట్ కావాల్సిన ఊరు కదా ఇది.

"అందుకే బల్లమీద పెడుతున్నా. మీరు కూర్చోండి."

నేను కత్తి అందుకునేలోపు అల్లుడు రొట్టెను గుడ్డతో పట్టుకుని తిరగేశాడు. అడుగున వేళ్ళతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మళ్ళీ తట్టాడు.

"ఏమైంది బాబూ?"

"కాలితే డొల్లగా మోగాలి ఆంటీ" అన్నాడు ఇంగ్లీషులో, తలెత్తకుండా. "మా అమ్మయితే ఇంకో ఐదు నిమిషాలు అనేది."

అంటూనే నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. మా అమ్మాయి వెళ్ళి అతని భుజం పట్టుకుంది. అతను రొట్టె మాత్రం కింద పెట్టలేదు.

ఏడాదికి మా ఇంటికొచ్చి, మా వియ్యపురాలు ముందుగా చేసిన పని నా వంటకి వంక పెట్టడం. నాకు ఏడుపు ఆగలేదు. అతని చేతిలోంచి రొట్టె తీసుకుని మళ్ళీ ఓవెన్‌లో పెట్టాను.

"సరే వదినగారూ," అన్నాను పైకే, "మీరన్నట్టే కానివ్వండి."