చెంగల్రాయ నాయుడి నీళ్ళ వంతు

2002 జులైలో నన్ను తిరుపతిలో ఒక ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి హెడ్ నర్సుగా వేశారు. హెడ్ నర్సంటే వార్డు తాళాలు, మందుల బీరువా, స్టాఫ్ నర్సుల డ్యూటీలు, అన్నీ ఆమె నెత్తినే. అవి చాలవన్నట్టు మా డాక్టరుగారు ఇంకో పని అంటగట్టారు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళకు వారానికొక మధ్యాహ్నం కూటమి నడపాలి. మెదడు కొద్దికొద్దిగా పని మానేసే జబ్బు అది. మతిమరుపుతో మొదలై, చివరికి కన్నబిడ్డల్ని కూడా గుర్తుపట్టనివ్వదు. అప్పట్లో మా వైపు దాన్ని జబ్బనే అనుకునేవాళ్ళు కారు. వయసైపోయింది, చాదస్తం అని ఊరుకునేవాళ్ళు. కొందరు తాయెత్తులు కూడా కట్టించేవాళ్ళు.

ఆసుపత్రిలో అయితే ఎవరూ రారని నాకు తెలుసు. అందుకని మా చర్చి వెనకాల హాలు అడిగి తీసుకున్నాను. బుధవారం బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దవాళ్ళు, వాళ్ళను చూసుకునే ఇంటివాళ్ళు అక్కడికి వచ్చేవాళ్ళు. డాక్టరుగారు ట్రైనింగులో ఇచ్చిన చెక్కదిమ్మెలు, రంగులేసే పుస్తకాలు నాకిచ్చి, వీటితో చేతులకూ బుర్రకూ పని చెప్పమన్నారు. మొదటివారమే చెంగల్రాయ నాయుడనే పెద్దాయన ఆ దిమ్మెల్ని పక్కకు తోసేసి, "ఇవి తీసకపోయి మీ మనవడికియ్యి పో" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? మరుసటి వారం నుంచి దిమ్మెలు మూలన పడేసి, ఒలిచేదానికి చెనిక్కాయలు, కట్టేదానికి పూలు, వాయించేదానికి తాళాలు తెప్పించాను. హాల్లో సందడి మొదలైంది.

ఆ నాయుడితోనే నాకు అసలు పరీక్ష వచ్చింది. ఆయనది చంద్రగిరి పక్కన పల్లె. జీవితమంతా చెరుకు, వరి పండించిన మనిషి. కూటమికి వస్తాడు, కాసేపు చెనిక్కాయలు ఒలుస్తాడు, ఉన్నట్టుండి లేచి తలుపు దగ్గరికి పోతాడు. ఆపితే చెయ్యి ఎత్తేవాడు. మా భాషలో దీన్ని వాండరింగ్ అంటారు, అంటే ఒక దిక్కంటూ లేకుండా తిరగడం. ఇంట్లో ఇంకా ఎక్కువ. రాత్రుళ్ళు లేచి రోడ్డున పడేవాడు. ఒకసారి లారీ కింద పడబోయి తప్పించుకున్నాడు. ఒకరోజు ఆయన కాలు చూస్తే చీలమండ చుట్టూ నల్లగా చార కనిపించింది. కొడుకు మునికృష్ణను పక్కకు పిలిచి అడిగాను.

"మంచానికి కట్టేస్తాండాను సిస్టరమ్మా. తాడైతే కోసకపోతాదని అమ్మ పాత చీరతోనే కట్టినాను. నేనేం జేసేది? పగలంతా కయ్యి కాడ సేద్యం పని, రాత్రంతా నాయన కాపలా. ఇంగ నా వల్ల కాదు. మందన్నా పెంచండి, లేదంటే యాడన్నా చేర్పించండి" అని ఏడ్చేశాడు. పలుపుతాడు కాకుండా తల్లి చీర వెతికిన కొడుకును ఏమని తిట్టేది?

డాక్టరుగారు మత్తు డోసు పెంచుదామన్నారు. ఆ డోసుతో పెద్దవాళ్ళు ఏమవుతారో వార్డులో నేను కళ్ళారా చూసినదాన్ని. నడక తూలుతుంది, పడతారు, తుంటి విరుగుతుంది, ఇంక మంచం దిగరు. రెండు వారాలు ఆగండి సార్ అని అడిగాను. సరే, ఆ తర్వాత మాత్రం డోసు పెంచాల్సిందే అన్నారు.

ఆ బుధవారం నాయుడు లేస్తే ఎవరూ ఆపొద్దని చెప్పి ఆయన మీదే కన్నేసి కూర్చున్నాను. మధ్యలో కరెంటు పోయింది. ఆయన కదల్లేదు. అందరూ విసనకర్రలు పట్టుకున్నారు. కాసేపటికి ఫ్యాను మళ్ళీ తిరిగింది. అంతే, నాయుడు గభాలున లేచాడు. తలుపు పక్క గోడను రెండు చేతులతో తడుముతున్నాడు. నేను మెల్లిగా పోయి, "యాడికి పెద్దాయనా?" అన్నాను.

"కరెంటొచ్చేసినాది. మోటరెయ్యాల. ఇప్పుడెయ్యకపోతే నా వంతు పోతాది" అన్నాడు.

నా సామిరంగా! నేనూ రైతుబిడ్డనే కదా, వెంటనే అర్థమైంది. మా సీమలో పొలాలకు త్రీఫేజు కరెంటు రోజంతా ఉండదు. ఎప్పుడిస్తే అప్పుడు, అర్ధరాత్రయినా, పోయి మోటారు స్టార్టరు నొక్కాలి. పైగా నాయుడిది అన్నదమ్ముల ఉమ్మడి బావి. ఈయన వంతులో మోటారు వెయ్యకపోతే ఆ తడి, అంటే ఆ విడత నీళ్ళు, పోయినట్టే. ఆ మనిషి దిక్కులేకుండా తిరగడం లేదు. ఎండిపోతున్న పైరుకు నీళ్ళు కట్టడానికి పోతున్నాడు!

మునికృష్ణ చేత మోటారు షెడ్డులోని పాత స్టార్టరు పెట్టె తెప్పించి హాలు గోడకు కొట్టించాను. పైన, షెడ్డుల్లో కరెంటొచ్చిందని తెలిపేలాంటి ఒక ఎర్ర బల్బు. రెండ్రోజులకు నాయుణ్ణి పిలిపించి బల్బు వెలిగించగానే ఆయన లేచి పోయి పచ్చ బటను నొక్కాడు. పెట్టెకు చెవి ఆనించాడు. మోటారు చప్పుడు లేదు. "కాలిపాయె! మోటరు కాలిపాయె!" అని తల పట్టుకున్నాడు. ముందుకంటే ఎక్కువ కంగారుపడ్డాడు. దొంగ స్టార్టరుతో ఆ రైతును మోసం చెయ్యలేమని అప్పుడు తెలిసింది.

చర్చి పెరట్లో నీళ్ళ తొట్టి, దానికొక చిన్న మోటారు ఉండేవి. మైకుసెట్టు చూసే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఆ పెట్టెలోనే సరైన సామాను బిగించి నిజంగానే ఆ మోటారుకు కలపమన్నాను. మెయిన్ స్విచ్చి మాత్రం నా చేతికింద. కరెంటుతో ఆటలేంటి సిస్టర్ అని డాక్టరుగారు కసురుకున్నారు. "ఆటలైతే నాయుడు ఒప్పుకోవడం లేదు కద సార్" అన్నాను.

రెండో బుధవారం. గడువు ఆరోజుతో సరి, డాక్టరుగారు కూడా హాలుకు వచ్చారు. బల్బు వెలిగింది. నాయుడు పచ్చ బటను నొక్కాడు. మోటారు గుర్రుమంది, పెరట్లో గొట్టం నుంచి నీళ్ళు దూకాయి. ఆయన పంచె ఎగ్గట్టి, చేత్తోనే మట్టి తీసి మల్లెపాదికి కాలువ మళ్ళించాడు. పాది నిండాక లోపలికొచ్చి ఎర్ర బటను నొక్కి, కూటమిలో ఉన్న రిటైర్డు టీచరు దేవకమ్మతో "ఇంగ మీ వంతు" అని చెప్పి కూర్చున్నాడు. సాయంత్రం దాకా లేవలేదు. దేవకమ్మ చెంబుతో ఆ పక్కనే ఉన్న తులసి మొక్కకు పోసింది. చూస్తున్న డాక్టరుగారు డోసు పెంచక్కర్లేదన్నారు. నాకు గర్వంగా ఉండింది. ఇప్పటికీ ఉంది, ఎందుకు దాచుకోవాలి!

ఇంట్లో కూడా ఆయన మంచానికి ఎదురుగా అట్లాంటి బల్బే పెట్టించాను, రాత్రుళ్ళు వెలిగించొద్దని చెప్పి. లేచేవాడట, బల్బు చూసేవాడట, "ఇంకా రాలేదే" అని మళ్ళీ పడుకునేవాడట. అన్ని రాత్రుళ్ళూ కాదు, కానీ చాలా రాత్రుళ్ళు. కట్టడం మానేశారు. మునికృష్ణ ఆ పాత చీర తెచ్చి హాల్లో ఇచ్చాడు. దాన్ని పీలికలు చేసి మల్లెతీగను పందిరికి కట్టాము. ఆ పూలే మా ఆడవాళ్ళు బుధవారాలు మాల కట్టేవాళ్ళు.

కొన్నేళ్ళకు జబ్బు ముదిరి నాయుడు బటను నొక్కడం కూడా మరిచిపోయాడు. అప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని కొడుకే నొక్కించేవాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా కింద పనిచేసిన నర్సులెవరినీ కేసు షీటులో ‘వాండరింగ్’ అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యనివ్వలేదు. ఎక్కడికి బయల్దేరాడో అడిగి, అది రాయమనేదాన్ని.