గిన్నెలు తోమేటప్పటి ముద్దలు

2022 ఎండాకాలం. శంషాబాద్‌లో హైవే వారన ఒక చిన్న క్లినిక్‌లో డైటీషియన్‌గా కూర్చునేదాన్ని. విమానం నెత్తిమీదుగా దిగినప్పుడల్లా కిటికీ అద్దాలు గడగడలాడేవి, పేషెంట్లూ నేనూ మాట మధ్యలో ఆగిపోయేవాళ్లం. కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన కుటుంబం మాది. ముద్దపప్పులో నెయ్యి వేస్తుంటే చెయ్యి అడ్డం పెడితే మా అమ్మకు కోపం. అలాంటి ఇంట్లో పుట్టి చెంచాలు లెక్కపెట్టే ఉద్యోగంలో పడ్డానని మావాళ్లు ఇప్పటికీ నవ్వుతారు.

అప్పుడే వచ్చింది మణెమ్మ. కొత్వాల్‌గూడ రైతు కుటుంబం, యాభైకి దగ్గర పడ్డ మనిషి. పొలం అమ్మేశాక నాట్లూ కలుపులూ పోయాయి గానీ, తిండి మాత్రం నాట్లేసిన నాటిదే మిగిలింది. నా దగ్గరికొచ్చేవాళ్లకు మోకాళ్ల నొప్పులో, ఇంట్లో పెళ్లో కారణం. ఆమెది వేరే కారణం.

"మా తమ్ముడు నర్సింహ డయాలసిస్ మీదున్నడు మేడమ్. నా కిడ్నీ సరిపోతదన్నరు. గని గింత బరువుతోని కోస్తే నీకే ఖతరా, ఎన్మిది కిలోలు తగ్గి రమ్మని పెద్ద దవాఖానల చెప్పిన్రు. ఎట్లన్నజేసి జల్ది తగ్గియ్యి."

తిండి నుంచి ఒంటికి అందే శక్తికి కొలత కేలరీ. ఒళ్లు ఖర్చుచేసేదాని కంటే కాస్త తక్కువ తింటే, ఆ లోటును దాచుకున్న కొవ్వు పూడుస్తుంది. దీన్ని కేలరీ డెఫిసిట్ అంటాం. లెక్క మొదలుపెట్టే ముందు ట్వంటీఫోర్ అవర్ రీకాల్ అడుగుతాం. అంటే, నిన్న లేచింది మొదలు ఏమేం తిన్నారో వరుసగా చెప్పించడం. మణెమ్మ ఛాయ్‌లో చక్కెరతో సహా చెప్పింది. వంటింటి కాంటా కొనమంటే ఆ సాయంత్రమే కొంది. తినే బువ్వను కాంటేస్తే దిష్టి తగులుతుందని అత్త సణిగితే, "ముందు మా తమ్ముని దిష్టి పోవాలె" అందట.

రోజూ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టేది. పొద్దున జొన్నరొట్టె ఇంత, మధ్యాహ్నం అన్నం ఇంత, కూరలో నూనె ఇంత. మొదటి నెల ఒక్క కిలో తగ్గింది. రెండో నెల మెషీన్ మీద అంకె కదల్లేదు. థైరాయిడ్ పరీక్ష చేయిస్తే బాగానే ఉంది. నా లెక్క తప్పయినా కావాలి, ఆమె అబద్ధమైనా చెబుతూ ఉండాలి. మా వృత్తిలో రెండోదే ముందు తడుతుంది.

ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాను. మాట్లాడుతూ ఏదో నములుతోంది.

"ఏం తింటున్నారు మణెమ్మగారూ?"

"తినుడేంది మేడమ్, గిన్నెలు తోముతున్న."

"మరి నోట్లో ఏముంది?"

"గిదా? పిలగాండ్లు పప్పన్నం సగం ఇడిసిపెట్టి లేశిన్రు. గది తినుడు గాదు గద. వరిమడి జేసిన చేతులు మేడమ్, మెతుకు మోరీల పడెయ్యబుద్ధి గాదు."

నలుగురు మనవలు, రోజూ రెండు పూటలు. ఆపైన కూరగిన్నె అడుగున నూనె తేలే ముద్ద. కూర్చుని కంచంలో పెట్టుకున్నదే ఆమె దృష్టిలో తిండి, నిలబడి నోట్లో వేసుకున్నది ఇంటిపని. ఆమె చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అనుమానపడినందుకు నాకే సిగ్గేసింది.

మర్నాటి నుంచి మిగిలినవన్నీ వాళ్లింటి బర్రె కుడితిలోకి పోయాయి. "గిట్లయితే పారేసినట్టు గాదు, పాలైతయి" అని దారి తనే కనిపెట్టింది. బరువు వారం వారం దిగుతూ వచ్చింది. దసరా దాటాక ట్రాన్స్‌ప్లాంట్‌కు తేదీ ఇస్తామన్నారు. తమ్ముడికి నచ్చిన తలకాయకూర ఆపరేషనయ్యాక వండిపెడతానని, దాంట్లో నాకూ వాటా ఉందని మెసేజ్ పెట్టింది.

బతుకమ్మ పండుగ ముందర నర్సింహకు డయాలసిస్ గొట్టం దగ్గర ఇన్ఫెక్షన్ పట్టి రక్తంలోకి పాకింది. వారం తిరక్కుండానే పోయాడు.

దినాలయ్యాక మణెమ్మ వచ్చింది. నేను కూర్చోమనే లోపే చెప్పులు విడిచి మెషీన్ ఎక్కింది. సరిగ్గా ఎనిమిది కిలోలు.

"తగ్గిన గద మేడమ్?"

"తగ్గారు."

విమానమొకటి దిగింది. ఇద్దరం ఆగాం. చప్పుడు పోయాక ఆమె మెషీన్ మీద నుంచి దిగకుండానే, నడుం పక్కన చెయ్యి పెట్టుకుని అంది. "ఇగ ఇది ఎవ్వలకియ్యాలె?"

ఆమె చెయ్యి పట్టుకుని కిందికి దించాను. మొదట్లో బరువు తగ్గక వృథా అయిన ఆ రెండు నెలలు దక్కి ఉంటే అతను బతికేవాడా అని తెలిసిన డాక్టర్లను అడిగాను. ఎవరూ గట్టిగా చెప్పలేదు. చెప్పలేరని తెలిసీ అడిగాను. బాధ ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు బుద్వేల్‌లో కూర్చుంటున్నాను. కేలరీలు లెక్కపెట్టుకోవడం ఎలా మొదలుపెట్టాలని ఏ ఆడమనిషి వచ్చినా, కాంటా సంగతి తర్వాత చెబుతాను, నిన్నేం తిన్నారన్నదీ తర్వాతే అడుగుతాను. ముందు అడిగేది, మీ ఇంట్లో ఎంగిలి కంచాలు తీసేదెవరని.