రెండు మాత్రలను ఒకటికి దించిన బేరం

మొదట చెప్పిన ధరకే సరుకు తెస్తే మా ఇంట్లో అన్నం పెట్టరేమో అనుకునేవాణ్ని. చేవెళ్లలో మా నాన్న కిరాణా దుకాణంలో తక్కెడ పక్కనే పెరిగాను. మొయినాబాదులో సొంత దుకాణం పెట్టాక ఆ గుణం ముదిరింది. ఆటోవాడితో, దర్జీతో, చివరికి మా పెళ్లి చేసిన పంతులుతో కూడా బేరమాడాను. ఒకసారి నా దోస్తు మాత్రల మీద కూడా ఆడాను.

అతనిది నా పక్కనే స్టీలు సామాన్ల దుకాణం. బడి నుంచీ కలిసి తిరిగినవాళ్లం. మనసుకు జబ్బు చేసి, ఎవరూ లేనిచోట అతనికి మాటలు వినిపించేవి. పట్నం దవాఖానలో డాక్టరు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర రాశాడు. ఆ మాటలు వినిపించడం ఆగింది. కానీ ఆ మాత్రలకు చేతులు వణికేవి, కొనడానికొచ్చిన గిరాకీల ముందే గిన్నెలు జారిపోయేవి.

"ఈ మాత్రలు మొత్తం బంద్ జేస్తరా," అన్నాడొక రోజు.

"రెండూ ఏస్కోవాలె."

"ఒక్కటి గుడ ఏస్కోను."

"సరే, నీ మాట గాదు, నా మాట గాదు. రాత్రిది ఏస్కో, పొద్దుగాలది ఇడిశిపెట్టు."

చేతులు కలిపాం. మంచి బేరం కుదిర్చానని ఆ పూట నాకు నేనే చాయ్ తాగించుకున్నాను. డాక్టరుకు ఫోను చేయాలని ఇద్దరికీ తోచలేదు.

నెల తిరగకముందే ఒక పొద్దున బజారంతా అదిరే చప్పుడు. పరుగెత్తాను. షట్టరు దించే ఇనుప కడ్డీతో అతను బిందెలను బాదుతున్నాడు.

"ఈ బిందెలల్ల కూసోని తిడుతున్నర్రా నన్ను. మా అవ్వను గుడ తిడుతున్నరు."

వెనక నుంచి పట్టుకున్నాను. అదే నేను చేసిన రెండో తప్పు. గిర్రున తిరిగి కొట్టాడు. నా భుజం దగ్గర ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. నేను నేల మీద పడటం చూసి కడ్డీ వదిలేశాడు. మూలకు జరిగి, చెవులు మూసుకుని కూర్చున్నాడు.

అక్కడితో అయిపోయేది. బజారు అయిపోనివ్వలేదు. ఎదురుగా బండ్లు బాగుచేసే మెకానిక్, ఇంకో నలుగురు కలిసి అతన్ని జుట్టు పట్టి రోడ్డు మీదికి ఈడ్చారు. మూతి మీద తన్నారు. ఒక పన్ను ఊడి తారు మీద పడింది. వేళ్ల మీద చెప్పుకాలితో తొక్కారు. ఎవడో నా దుకాణంలోంచే నైలాను తాడు లాక్కొచ్చాడు.

"కరెంటు స్తంభానికి కట్టుండ్రి."

నేను పాక్కుంటూ వెళ్లి అతని మీద బోర్లా పడ్డాను. తర్వాతి తన్ను నా పక్కటెముకల్లో దిగింది.

"జరుగు సేటూ," అన్నాడు మెకానిక్. "నిన్నే గొట్టిండు, మల్ల నువ్వే అడ్డమొస్తవా?"

"గొట్టింది నన్ను, నిన్ను గాదు గదా. దవాఖానకు తీస్కపోత."

"సరే తియ్. కాళ్లు ఇడుస్తం. చేతులు మాత్రం కడ్తం."

'సరే' అన్న మాట నా నోటిదాకా వచ్చింది. సగానికి దిగిరావడం నా నాలుకకు అంతగా అలవాటు. కింద అతని నోటి రక్తం నా చొక్కాలోకి ఇంకుతోంది. సగం మాత్రలకు ఒప్పించింది నేనే కదా.

"ఒక్క ముడి గుడ ఎయ్యనియ్య. కట్టాల్నంటే ఇద్దర్ని కలిపి కట్టుండ్రి."

మెకానిక్ ఇంకోసారి తన్నాడు, ఈసారి కాస్త మెల్లగా. అంతసేపూ చూస్తూ నిలబడ్డ ఆటోవాడొకడు తన బండిని మా దగ్గరికి తెచ్చి, "ఎక్కించు సేటూ," అన్నాడు.

పట్నం దవాఖానలో డాక్టరు మాత్రల గురించి అడిగాడు. మా బేరమంతా నేను చెప్పేశాను.

"చేతులు వణుకుతున్నయని నాకొక్కమాట చెప్తే మందు మార్చేవాణ్ని గదా," అన్నాడు డాక్టరు.

పొద్దున లేస్తే తగ్గించమని అడగడమే నా బతుకు. అడగాల్సిన మనిషిని మాత్రం అడగలేదు.

మందు మారింది, వణుకు తగ్గింది. మళ్లీ దుకాణం తెరిచాడు. నా చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. ఒకరోజు నేను అక్కడ కూర్చుని ఉండగా మెకానిక్ టిఫిన్ డబ్బా కోసం వచ్చాడు. మూత తిప్పి చూస్తూ నన్ను అడిగాడు.

"ఇప్పుడు మంచిగుంటుండా మనోడు?"

"ఎదురుంగనే ఉన్నడు గదా. ఆయన్నే అడుగు."

మెకానిక్ మూతనే తిప్పుతున్నాడు. నా దోస్తే అన్నాడు.

"నేను మంచిగనే ఉన్న అన్నా. నీ కాలెట్లున్నది? గంత గట్టిగ తన్నితివి."

మెకానిక్ డబ్బా బల్ల మీద పెట్టి మెట్లు దిగాడు. వెళ్లిపోతున్న ఆ ఒక్క గిరాకీని మాత్రం మేమిద్దరం వెనక్కి పిలవలేదు.