జానెడు మడత

బంగారుపేటలో కర్టెన్లు కుట్టే ఆ ముసలి టైలరు దేనికైనా ‘ఉండనీప్పా’ అనేవాడు. కేజీఎఫ్‌లో మేం కొన్న పాత బంగళా హాలు పద్నాలుగడుగుల ఎత్తు. పైనుంచి నేలదాకా నూలు కర్టెన్లు కుట్టమన్నాను.

“కింద లోపలికి జానెడు మడత ఉండనీప్పా, ఉతికితే గుడ్డ పొట్టి అయితాది.”

“ఎక్కువ గుడ్డ అంటగట్టే తెలివి నా దగ్గరా? మడత వద్దు!” అన్నాను.

వియ్యంకులు తొలిసారి వస్తున్నారని ముందురోజు ఉతికిస్తే, కర్టెన్లు జానెడు పైకి లేచాయి. ఫోన్‌లో టైలరు మీద అరిచాను.

ఆయన బస్సెక్కి వచ్చి, నేల మీద చతికిలబడి, కర్టెన్ల అడుగున ఉన్న కుట్టు విప్పాడు. లోపలి మడత జారి నేలను తాకింది.

“నువ్వు వద్దంటివి. ఆ సంగతి గుడ్డకు తెల్దు కదప్పా!”

క్షమించమని ఆయన్ను అడగడానికి పెగలని నా నోరు, మర్నాడు వియ్యంకులు కర్టెన్లను మెచ్చుకోగానే పెగిలింది: “జానెడు మడత నేనే పెట్టించినాను.”