లియాండర్ బాబాయి కొట్టేసిన లెక్క

పక్షిని గుర్తుపట్టడంలో లియాండర్ బాబాయితో వాదించి గెలిచినవాడు మా సెయింట్ మేరీస్ అఖాతంలో లేడు. దూరంగా అలల మీద ఒక రెక్క ఒరిగితే చాలు, హాగ్‌డౌనో కాదో చెప్పేసేవాడు. ఆ సముద్రపు పక్షికి తల మీద నల్ల టోపీ, మెడ వెనక తెల్ల పట్టీ, బిగిసిన రెక్కలు. భూమికి ఆ చివరి దీవుల్లో పిల్లల్ని పెంచి, జూన్‌లో కేప్లిన్ చేపల కోసం మా నీళ్లకి వస్తాయవి. ఒళ్లంతా మసిరంగైతే వేరే జాతి. నాకు రెండూ ఒకటే. "నీ కళ్లకి చేపలు తప్ప ఏవీ ఆనవురా గస్," అని వెక్కిరించేవాడు.

డెబ్బై ఒకటో ఏట పక్షుల ఆఫీసువాళ్లు ఆయన్ని ఈ పక్షుల లెక్కకి పెట్టుకున్నారు. పడవ నాది. పక్షులు వాటంతట అవి రావాలి, ఎర చూపి పిలవకూడదు. పక్షులు ఎక్కువగా లెక్కకొస్తే కేప్లిన్ రోజుల్లో ఆ నీళ్లలో వలలు వెయ్యడం ఆపేస్తారు. నా వలలూ అక్కడే. అయినా కాదనలేకపోయాను. వయసులో ఉండగా ఒక జూలై ఉదయం ఆయన వలలో అరవై మూడు హాగ్‌డౌన్‌లు మునిగి చచ్చి వచ్చాయి. ఆ సంగతి నాకొక్కడికే చెప్పాడు, పిన్నికి కూడా చెప్పలేదు. తను పోయేలోగా ఆ వలలు ఆగాలన్నదే ఆయన కోరిక.

పదకొండు రోజులు పొగమంచు. మసిరంగువి నాలుగు తప్ప కాగితం ఖాళీ. ఆఖరి రోజు మంచు విడింది. నేను మధ్యాహ్నం తిండికి కాడ్ చేప కోస్తున్నాను. ఒక హాగ్‌డౌన్ పడవ పక్కగా వాలుతూ పోయింది. ఏడాదిలో మొదట కనబడ్డ హాగ్‌డౌన్‌కి చేప కాలేయం విసరడం మావాళ్ల అలవాటు. బాబాయి చెయ్యి దానంతట అదే కాలేయం ఉన్న గిన్నెలోకి వెళ్లింది. విసిరేశాడు.

పావుగంటలో నాలుగు వందల పైచిలుకు మూగాయి. లెక్కపెట్టి రాశాడు. తర్వాత పెన్సిల్ ఆ అంకె మీదే ఉంచి గిన్నె వైపు చూశాడు.

"ఎవరూ చూళ్లేదు బాబాయ్," అన్నాను. నా వలలకే చేటని తెలిసీ, ఆయన మొహం చూడలేక అన్నాను.

"నువ్వు చూశావు కదరా."

ఆ అంకె మీద అడ్డంగా గీత గీసి, కింద 'కాలేయం విసిరాను' అని రాసి సంతకం పెట్టాడు.

ఆ ఏడు వలలు ఆపలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషమే వేసింది.

జూలై మూడో వారం నా వల బరువుగా వచ్చింది. చేపలనుకున్నాను. తడిసి ముద్దయిన రెక్కలు కనబడ్డాయి. పారేయడానికి మనసొప్పక అన్నిటినీ తెచ్చి బాబాయి గుమ్మం ముందు పెట్టాను. ఆయన ఒక్కోదాన్నీ తిప్పి, మెడ వెనక తెల్ల పట్టీని వేలితో తడిమి చూశాడు. ముప్ఫై ఎనిమిది. తిట్టలేదు. తిడితే బాగుండేది. లోపలికెళ్లి లెక్క కాగితం తెచ్చి పెన్సిల్ నా చేతిలో పెట్టాడు.

"చోటు రాయి, వల ఎవరిదో రాయి. వీటిని ఎవరూ పిలవలేదు. ఈ లెక్క కొట్టెయ్యక్కర్లేదు."

ముప్ఫై ఎనిమిది పక్కన నా పేరు రాయడానికి చాలాసేపు పట్టింది.

"దాని కింద నా పేరూ రాయి," అన్నాడు. "అరవై మూడు."