అద్దె గదిలో చావకూడదు

సినిమా నన్ను వదిలేసింది అని నలుగురిలో చెప్పుకుంటాను. నిజానికి నేను పట్టుకు వేలాడుతున్న సంగతే సినిమాకి తెలీదు. కృష్ణానగర్‌లో ఒకే గదిలో జుట్టు నెరిసేదాకా అసిస్టెంట్ డైరెక్టర్‌గా బతికాను. నాతో వచ్చినవాళ్ళలో కొందరు జూబ్లీహిల్స్ ఎక్కారు, చాలామంది ఊరెళ్ళిపోయారు. నేను ఎటూ కదల్లేదు. ఫిలింనగర్ ఆఫీసుల్లో కథ చెబుతానని కూర్చోవడం, "సార్ మీటింగ్‌లో ఉన్నారండీ" అనిపించుకోవడం, గదికొచ్చి ఫ్యాన్ వైపు చూస్తూ పడుకోవడం. ఆ ఫ్యాన్ వైపు చూడటం మరీ ఎక్కువైపోతోందని నాకే భయం వేసిన రోజుల్లో ఈ ఉద్యోగంలో చేరాను.

మాది, ఇక చేసేదేం లేదని ఆస్పత్రులు ఇంటికి పంపేసిన రోగుల్ని చూసుకునే సంస్థ. వ్యాన్‌లో సిస్టర్ వస్తుంది. నొప్పికి మందిస్తుంది, పుండ్లు కడుగుతుంది. నేను ఆక్సిజన్ సిలిండర్ మోస్తాను, మనిషిని పక్కకి తిప్పుతాను, ఇంట్లోవాళ్ళు ఉంటే వాళ్ళతో మాట్లాడతాను. సేవ చేద్దామని చేరలేదు, గదికి కిరాయి కట్టాలి కాబట్టి చేరాను. "పోనీలేరా, ఆత్మతృప్తి అయినా ఉంటుంది" అని స్నేహితుడొకడు ఫోన్లో అంటే ఒళ్ళు మండి పెట్టేశాను. పొద్దున మాట్లాడిన మనిషి మర్నాటికి ఉండకపోతే ఏం తృప్తి? గదికొచ్చాక ఆ పుండ్ల వాసన చేతులకే ఉన్నట్టుండి అన్నం సయించేది కాదు.

ఆమె ఉండేది నా గదికి రెండు సందుల అవతల, ఒక బిల్డింగ్ పైన వేసిన రేకుల గదిలో. జూనియర్ ఆర్టిస్టు. కడుపులో పుట్టిన జబ్బు ఒళ్ళంతా పాకిపోయింది. నేను గుమ్మంలో సిలిండర్ దించుతుంటే మంచం మీంచే నా వైపు కళ్ళు చికిలించి చూసింది.

"నువ్వు నన్ను చంపేవాడివి కదూ అబ్బాయ్" అంది.

సిస్టర్ ఠక్కున నా మొహం చూసింది. నాకు ఒక్క క్షణం తర్వాత గుర్తొచ్చింది. ఆమెకు ఏళ్ళ తరబడి వచ్చినవి శవం వేషాలే. హీరో తల్లి, జమీందారు భార్య, ఎవరు పోయినా ఆమెకే ఫోన్. బక్కపల్చని మనిషి, ముక్కుల్లో దూది పెట్టినా కనురెప్ప కదిలేది కాదు. నేను పనిచేసిన ఒక సీరియల్లో దండలు సర్ది, "అమ్మా, ఇక ఊపిరి ఆపండి" అని చెప్పడం నా డ్యూటీ. షాట్ అయ్యాక లేపి నవ్వించడం కూడా నాదే. మా సినిమావాళ్ళకి అదొక పట్టింపు. శవంగా పడుకున్న మనిషి చేత, లేచాక కెమెరాలోకి చూసి నవ్విస్తారు. అలా నవ్వకపోతే ఆ దోషం మనిషిని పట్టుకుంటుందని నమ్మకం.

"నువ్వే నయం. మిగతావాళ్ళు నవ్వించడం మర్చిపోయి భోజనాలకి పరిగెత్తేవాళ్ళు. నేనే కెమెరా అతన్ని పట్టుకుని ఆపి, నవ్వేసి వెళ్ళేదాన్ని" అంది.

ఆమెకు ఎవరూ లేరు. మొగుడు ఎప్పుడో వెళ్ళిపోయాడు, పిల్లలు పుట్టలేదు. ఆ రేకుల గది, ఒక మంచం, గోడకి ఒక అద్దం. ఎండాకాలం ఆ గదిలో కూర్చుంటే మాడు పగిలిపోయేది. అయినా ఆ మంచం మీద నుంచి లేవనంది.

ఇంటి ఓనర్ ఒకరోజు పైకొచ్చి బయటే నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. ఆమెకు రోజూ పొద్దున పాలు పంపేది ఆయన ఇంటినుంచే.

"సార్, జర గీమె సంగతి సూడుండ్రి. నా ఇంట్ల పానం పోతే ఎట్ల? నచ్చత్రం మంచిగ లేకుంటె ఇల్లు బంద్ జెయ్యాలె. కిరాయోళ్ళంత ఖాళీ జేసి పోతరు."

"మనుషులు చావని ఇల్లు ఎక్కడైనా ఉందా అండీ?" అన్నాను, కోపం ఆపుకోలేక.

"సొంతిల్లయితె సస్తరు సార్. కిరాయింట్ల ఎట్ల సస్తరు?" అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. అమాస లోపల ఎక్కడికైనా తోల్కపొమ్మని చెప్పి కిందికెళ్ళాడు.

మా మాటలన్నీ లోపలికి వినపడ్డాయి. "ఎక్కడికీ వద్దు అబ్బాయ్. పోయేదాకా నా మంచం మీద ఉండనివ్వు. తర్వాత ఎటు తీసుకెళ్తే నాకేం తెలుస్తుంది?" అంది. ఆమె అడిగింది అదొక్కటే.

అప్పట్నుంచీ నేను పిచ్చివాడిలా తిరిగాను. ఓనర్‌ని బతిమాలితే తల అడ్డంగా ఊపాడు. చివరి రోజుల్లో ఉంచుకునే ఆశ్రమాల్లో మంచాలు ఖాళీ లేవు. ఆ మంచంతో సహా మార్చేద్దామంటే ఇలాంటి మనిషికి ఇంకో గది ఎవడిస్తాడు? యూసుఫ్‌గూడలో ఒకాయన గది చూపిస్తూ చూపిస్తూ, మనిషి పరిస్థితి చెప్పగానే తాళం వేసేశాడు. చివరికి మా సంస్థకి పెద్దదిక్కుగా ఉన్న మేడమ్‌గారింటికి జూబ్లీహిల్స్ వెళ్ళాను. ఆ ఇంటి ముందు భాగం షూటింగులకి ఇస్తారు. వెళ్ళేముందు ఆ మాట చెబితే మంచం మీదున్న ఆమె మొహం విప్పారింది.

"ఆ ఇల్లా? ఆ హాల్లో నేను చాలాసార్లు పోయాను. చల్లటి రాయి, పడుకుంటే వీపుకి ఎంత హాయిగా ఉండేదో" అంది.

మేడమ్ నాకు కాఫీ ఇప్పించింది. అంతా విని కళ్ళు తుడుచుకుంది. "చాలా బాధగా ఉందండీ. కానీ ఇక్కడ ఎవరైనా పోయారని తెలిస్తే షూటింగులకి రారండీ. ఇంకేదైనా హెల్ప్ అడగండి, చేస్తాను" అంది. హాల్లో ఆ రోజు పెళ్ళి సెట్టు వేస్తున్నారు. ఆ రాతి మీద దొంగ చావులు ఎన్నైనా చావొచ్చు. నిజం చావు ఒక్కటి పట్టదు. కాఫీ అక్కడే వదిలేసి లేచాను. అక్కణ్ణుంచి చెక్‌పోస్టు దాకా తిట్టుకుంటూ నడిచాను. ఎవర్ని తిడుతున్నానో నాకే తెలీలేదు. సినిమాని, సంస్థని, దేవుణ్ణి, నన్నూ.

ఓనర్‌తో "రేపు తీసుకెళ్తాం" అని రోజూ అబద్ధం చెప్పడం మొదలుపెట్టాను. అమాస దాటింది. ఆయన మెట్ల దగ్గర కాపలా కూర్చున్నట్టే కూర్చునేవాడు. వ్యాన్‌లో సిస్టర్‌తో ఒకసారి అనేశాను, "ఎందుకండీ ఈ పని? ఒక్కళ్ళనైనా బతికించామా?" అని. ఆవిడ విసుక్కుంది. "మందు వేశాక కాసేపు నిద్రపోయింది. అది చాలదా మీకు?" అంది. నాకు చాలలేదు.

ఆమె ఒక మిట్టమధ్యాహ్నం పోయింది. కింద సందులో నీళ్ళ ట్యాంకరు హారన్ కొడుతోంది. సిస్టర్ ఆమె చెయ్యి పట్టుకునే ఉంది. తర్వాత నాడి చూసి, కళ్ళు మూసి, నా వైపు తల ఊపింది. అడిగినట్టే తన మంచం మీదే పోయింది. కానీ కింద ఓనర్ కూర్చుని ఉన్నాడు. తెలిస్తే గొడవవుతుంది, సందంతా పోగవుతుంది, ఆమెను రోడ్డు మీద పెట్టి మాట్లాడుకుంటారు.

మూల ప్లాస్టిక్ కుర్చీ కనపడింది. నేనేమీ చెప్పక్కర్లేకుండానే సిస్టర్‌కి అర్థమైంది. ఇద్దరం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాం. నడుముకి, భుజాలకి దుప్పటి చుట్టి కట్టాం. సిస్టర్ జుట్టు దువ్వి బొట్టు పెట్టింది. కళ్ళజోడు నేను పెట్టాను. రెండడుగులు వెనక్కి వేసి, షాట్‌కి ముందు చూసుకున్నట్టే చూశాను. తల వాలిపోతోందని కింద తువ్వాలు మడిచి పెట్టాను. బతికినన్నాళ్ళూ చచ్చినట్టు పడుకున్న మనిషికి, చచ్చాక బతికున్న వేషం వేయించాను. ఏడుపు వస్తోంది, ఏడిస్తే పట్టుబడిపోతాం.

ఇరుకు మెట్లు. పైకి పిలిచిన వ్యాన్ డ్రైవరు కుర్చీకి ముందు, నేను వెనక. "మెల్లగా అమ్మా, ఆస్పత్రికి వెళ్ళొచ్చేద్దాం" అని మాట్లాడుతూనే దింపాను. గేటు దగ్గర ఓనర్ లేచి నిలబడ్డాడు.

"దవాఖానకా?"

"అవునండీ."

"జల్ది తోల్కపోండ్రి" అని పక్కకి జరిగాడు.

అప్పుడు ఆయన భార్య తడిచేతులతో లోపల్నుంచి వచ్చింది. ఆమె కూడా ముసలిదే. కుర్చీ దగ్గరికొచ్చి మొహంలోకి చాలాసేపు చూసింది. జారిన కొంగు సర్ది, వంగి రెండు పాదాలూ పట్టుకుంది. "మంచిగై రా అక్కా" అని మొగుడికి వినపడేలా అంది.

వ్యాన్‌లో పడుకోబెట్టి కట్లు విప్పాం. దుప్పటి సర్దుతుంటే పాత అలవాటు కొద్దీ నా నోటివెంట, "అయిపోయిందమ్మా, ఇక నవ్వండి" అని వచ్చేసింది. ఆమె మొహం వైపు చూస్తూ కూర్చున్నాను. సిస్టర్ నా భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు ఏడ్చాను, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఎవరో అద్దం తట్టారు. ఓనర్ భార్య. తలుపు కొంచెం తీశాను. ఆమె వెనక్కి ఒకసారి చూసుకుని లోపలికి వంగింది.

"తమ్మీ, నాకు ఎర్కైంది. కాళ్ళు పట్టుకుంటేనే ఎర్కైంది. ఆయనకైతె జెప్పను."

దండం పెట్టబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. తడిగా, చల్లగా ఉంది.

"నాకైతె సొంతిల్లే ఉన్నది. పక్కన కూసునేటోళ్ళే లేరు. నాదాక వచ్చిననాడు నువ్వొస్తవా?"

"వస్తానమ్మా" అన్నాను.

ఆమె వ్యాన్ తలుపు వేసి ఇంట్లోకెళ్ళిపోయింది. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ సందులోంచి వెళ్తుంటాను. ఆమె గేటు దగ్గర బియ్యం చెరుగుతూ కనిపిస్తుంది. నన్ను చూసి తల ఊపుతుంది, నేనూ ఊపుతాను. మా ఇద్దరి మధ్యా అంతకు మించి మాటల్లేవు. సంస్థలో ఇంకా ఉన్నాను. ఇచ్చిన మాట ఉంది కాబట్టి, ఆమెకంటే ముందు పోవడానికి నాకు వీల్లేదు. ఫ్యాన్ వైపు చూడటం తగ్గింది. పూర్తిగా మానలేదు.